అలిగాడనుకున్నారు: గోల మానేసిన ఒక లాబ్రడార్ కేసు

కేసు షీటులో ‘వచ్చిన కారణం’ అని ఒక గడి ఉంటుంది. వాంతులు, విరేచనాలు, కుంటుతోంది, టీకా కోసం... ఒక్క మాటతో నిండిపోతుంది. ఈ కేసులో ఆ గడిలో నేను రాసుకున్నది ‘గోల చేయడం లేదు’ అని. పుస్తకాల్లో ఈ పేరుతో లక్షణం ఉండదు. కానీ నెల్లూరులో కుక్కల ప్రాక్టీసు చేసేవాళ్ళకి చాలాసార్లు జ్వరం కంటే, వాంతి కంటే ముందు అందే కబురు ఇదే. ఇంట్లోవాళ్ళు దాన్ని చెప్పడానికి మొహమాటపడతారు. "ఏం లేదు సార్, ఊరికే డల్‌గా ఉన్నాడు, ఒకసారి చూపిద్దామని" అంటారు. ఆ ‘ఊరికే’ వెనక ఏముందో తవ్వడం మా పని.

ఇంటివాళ్ళని అడిగే రాస్తున్నాను. వాళ్ళ పేర్లు, ఊరి పేరు రాయను. కోవూరు వైపు పల్లె, వరి పండించే కుటుంబం. కుక్క పేరు మాత్రం మార్చబుద్ధి కాలేదు. బాంబు.

హిస్టరీ

నాలుగేళ్ళ మగ లాబ్రడార్. టీకాలన్నీ వేళకి పడ్డాయి. పేరు పిల్లలు పెట్టారట, ఎందుకు పెట్టారో టీకాకి వచ్చినప్పుడల్లా మాకు అర్థమవుతూనే ఉండేది. టేబుల్ ఎక్కించడానికి ఇద్దరు కావాలి, దిగడానికి ఎవరూ అక్కర్లేదు. తెల్లవారుజామున పాలాయన బండి సందు మలుపు తిరగ్గానే మొరుగుడు మొదలు. గేటు తీసేలోపు పాల ప్యాకెట్టు నోట కరుచుకుని పెరట్లోకి పరుగు. ధాన్యం బస్తాల మీద ఎక్కి దూకడం, ఆరేసిన లుంగీలు లాగడం. ఇంట్లో వాడి చప్పుడు లేని గంట ఉండేది కాదు.

అట్లాంటి వాడు నాలుగు రోజులుగా చడీచప్పుడు లేకుండా మంచం కింద పడుకుంటున్నాడు. ముందు పట్టుకున్నది పాలాయనే. "ఏందమ్మా, కుక్కని ఎవురికన్నా ఇచ్చేసినారా? చప్పుడే లేదు" అని అడిగాడంట. అప్పటికి ఇంట్లో ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నారు. పెళ్ళికని ఇంటిల్లిపాదీ హైదరాబాదు వెళ్తూ, బాంబుని పది రోజులు అల్లూరు వైపు చుట్టాల తోటలో వదిలి వెళ్ళారు. "వదిలేసి పొయ్యామని అలిగాడు సార్" అన్నాడు యజమాని. వాళ్ళమ్మ గారికైతే ఇంకా గట్టి నమ్మకం. "కుక్కకి మాత్రం మనసు ఉండదా నాయనా?" అంది.

ఉంటుంది. వదిలి వెళ్తే దిగులు పడే కుక్కలు, తిండి మానేసే కుక్కలు నేనూ చూశాను. ఆ మాటని కొట్టిపారెయ్యలేదు. తేదీలు మాత్రం అడిగాను. వాళ్ళు ఊరి నుంచి ఎప్పుడు వచ్చారు? వచ్చిన రోజు వీడు ఎలా ఉన్నాడు? వచ్చి అప్పటికి రెండు వారాలు దాటింది. వచ్చిన రోజు మీదపడి, యజమాని చొక్కా జేబు చించాడు. తర్వాత పది రోజులకి పైగా మామూలుగానే ఉన్నాడు. అలక అయితే తిరిగొచ్చిన రోజు కనిపించాలి, లేదా తోటలో ఉండగా కనిపించాలి. రెండు వారాలు ఆగి అలిగే కుక్క ఉండదు. కానీ ఒళ్ళోకి చేరిన క్రిమి రెండు వారాలు ఆగి బయటపడుతుంది. ఈ కేసులో నా ఆలోచన తిరిగింది అక్కడే, స్టెతస్కోపు తియ్యకముందే.

తిండి గురించి అడిగితే అందరూ చెప్పే జవాబే చెప్పారు. "తింటున్నాడు సార్." ఈ జవాబు వినగానే నేను ఎప్పుడూ ఇంకో ప్రశ్న వేస్తాను, ఎలా తింటున్నాడు? మామూలుగా గిన్నె కింద ఆనకముందే లాక్కునేవాడు. ఇప్పుడు ముందు పెడితే కాసేపు చూసి, కోడి ముక్కలు ఏరుకుని, అన్నం వదిలేస్తున్నాడు. లాబ్రడార్ జాతికి తిండి యావ ఎక్కువ. ఒంట్లో బాగాలేకపోయినా ఏదో ఒకటి మింగుతూనే ఉంటుంది. అందుకే దాని విషయంలో ‘తిన్నాడా లేదా’ అన్నది పనికిరాని కొలత. ఎంత ఆత్రంగా తిన్నాడు, గిన్నెలో ఏం వదిలాడు అన్నదే చూడాలి. మెట్లు ఎక్కుతున్నాడా అంటే, రెండు రోజులుగా మేడ మీదికి రాలేదని వాళ్ళ పాప చెప్పింది. నీళ్ళు, మూత్రం, విరేచనం మామూలే. మూత్రం రంగు పసుపే, ఎర్రగానీ కాఫీ రంగుగానీ కాదు. చుట్టుపక్కల ఎలుకల మందు పెట్టలేదు. పొలానికి కొట్టే మందు డబ్బాలు తాళం వేసిన గదిలో ఉంటాయి.

గోమార్లు, అంటే రక్తం తాగే పిడుదులు, ఉన్నాయా అంటే ఇంట్లోవాళ్ళు కొంచెం నొచ్చుకున్నారు. "మా కుక్కకి పిడుదులు లేవు సార్, వారం వారం షాంపూతో తోముతాం."

పరీక్ష

బండి దిగగానే బాంబు తోక ఊపాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యి నాకాడు. యజమాని మొహం చిన్నబోయింది. "ఇంటికాడ ఇట్టా లేడు సార్, ఇక్కడికొచ్చేసరికి లేచాడు." ప్రతివారం కనీసం ఒకరైనా ఈ మాట అంటారు, అబద్ధం చెప్పామని డాక్టరు అనుకుంటాడేమోనని. కొత్త చోటు, కొత్త వాసనలు, ఇతర కుక్కల అరుపులు. దాంతో అడ్రినలిన్ ఎగదన్ని కాసేపు జబ్బుని కప్పేస్తుంది. అందుకే క్లినిక్‌లో పది నిమిషాలు చూసిన డాక్టరు మాట కంటే, ఇంట్లో నాలుగు రోజులు చూసిన మనిషి మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఇంటి దగ్గర పడుకున్న తీరు ఫోనులో వీడియో తీసి తెస్తే ఇంకా మేలు.

బరువు 30 కిలోలు, పోయినసారి కంటే రెండు కిలోలు తక్కువ. జ్వరం 104.4 ఫారెన్‌హీట్. కుక్కకి 101 నుంచి 102.5 దాకా మామూలు. మన ఒంటి లెక్కతో చూసి ‘కుక్కకి ఎప్పుడూ జ్వరమే’ అనుకునేవాళ్ళూ ఉన్నారు, ‘ముక్కు తడిగానే ఉంది, జ్వరం లేదు’ అనుకునేవాళ్ళూ ఉన్నారు. ముక్కు తడికీ జ్వరానికీ సంబంధం లేదు. మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడటం ఒక్కటే దారి.

గొంతు కింద, భుజాల ముందు, మోకాళ్ళ వెనక లింఫ్ గ్రంథులు చేతికి బాగా తగిలాయి. పొట్ట ఎడమవైపు ప్లీహం అంచు తెలుస్తోంది. నొప్పి ఉన్నట్టు లేదు.

తర్వాత పై పెదవి ఎత్తాను. చిగురు గులాబీ రంగులో ఉండాల్సింది వెలిసిపోయి ఉంది. కోరపన్ను పైన, వెలుతురు పక్కనుంచి పడేలా తల తిప్పితే, సూదిమొన పాటి ఎర్ర చుక్కలు నాలుగైదు. వేలితో అదిమినా రంగు పోలేదు. అదిమితే పోయేది వాపు ఎరుపు, పోనిది చర్మం కింద కారిన రక్తం. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట కింద, తొడల లోపల బొచ్చు పల్చగా ఉండే చోట చూస్తే అవే చుక్కలు ఇంకా ఎక్కువ. ఒకచోట పావలా బిళ్ళంత నల్లగా కమిలి ఉంది. ఇంట్లో ఎవరూ వాటిని చూడలేదు. చూడమని వాళ్ళకి ఎవరు చెప్పారు గనక?

ఇక గోమార్లు. వీపు మీద, మెడ మీద ఒక్కటి లేదు. షాంపూ పని అంతవరకు చేసింది. ముందుకాలి వేళ్ళ మధ్య చర్మం విడదీస్తే ఒకటి, చెవి మడతలో రెండు, మెడపట్టీ బకిల్ కింద ఇంకొకటి. వేళ్ళ మధ్య ఉన్నది రక్తం తాగి బూడిద రంగుకి తిరిగిన ఆడది. చిమటాతో చర్మానికి ఆనించి, మెలితిప్పకుండా నిదానంగా లాగి, స్పిరిట్ సీసాలో వేశాను. వేళ్ళతో నలపకూడదు. కిరసనాయిలు పూయడం, అగరుబత్తితో కాల్చడం, పొగాకు నీళ్ళు పోయడం ఇవన్నీ ఇప్పటికీ చేస్తున్నారు. వాటివల్ల కుక్క చర్మం పాడవుతుంది, పొగాకు నీళ్ళు నాకితే విషమే.

ఏమేం అనుకున్నాను

జ్వరం, గ్రంథులు, ప్లీహం, చర్మం కింద రక్తపు చుక్కలు, గోమార్లు, కొన్ని వారాల కింద వేరే కుక్కల మధ్య ఉండి రావడం. మా ప్రాంతంలో ఈ కలయిక కనిపిస్తే ముందు గుర్తొచ్చేది ఎర్లికియా. వాడుకలో టిక్ ఫీవర్. ఎర్లికియా కానిస్ అనే బాక్టీరియా తెల్లరక్తకణాల్లోకి చేరి అక్కడే పెరుగుతుంది. గోమారి కుట్టిన 8 నుంచి 20 రోజులకి లక్షణాలు మొదలవుతాయి. తోట తేదీలకి అతికినట్టు సరిపోయింది.

అయినా ఒకదాన్నే పట్టుకుని కూర్చోకూడదు. అదే గోమారి బబేసియా అనే పరాన్నజీవిని కూడా మోస్తుంది. అది ఎర్రకణాలని పగలగొడుతుంది, ముదిరితే మూత్రం కాఫీ రంగుకి తిరుగుతుంది. రెండూ ఒకేసారి ఉండే కుక్కలు అరుదేమీ కాదు. ఎలుకల మందు తిన్నా రక్తం కారుతుంది, కానీ అందులో ఇలాంటి చిన్న చుక్కల కంటే పెద్ద కమిలింపులు, ఛాతీలో, కీళ్ళలో రక్తం చేరడం ఎక్కువ. వరిమడుల నీళ్ళు, పందికొక్కులు ఉన్న చోట, వాటి మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా మనసులో పెట్టుకోవాలి. కళ్ళు పచ్చబడలేదు, మూత్రం మామూలుగా ఉంది, టీకా ఉంది, కాబట్టి దాన్ని వెనక్కి నెట్టాను.

రక్తం

ముంగాలి సన్న నరం నుంచి తీశాం. మెడ దగ్గరి పెద్ద నరం జోలికి పోలేదు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువని అనుమానం ఉన్న కుక్కకి అక్కడ సూది గుచ్చితే రక్తం లోలోపల కారినా తెలియదు. తీశాక ఐదు నిమిషాలు దూదితో అదిమి పట్టుకున్నాం. కండకి ఇంజెక్షన్ ఏదీ ఇవ్వలేదు, అదే కారణం.

హిమోగ్లోబిన్ 10.2, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వంతు) 31 శాతం, తెల్లకణాలు 5,900. ప్లేట్‌లెట్లు మిషన్ లెక్కలో 29,000. మామూలు కుక్కకి 2 లక్షల నుంచి 5 లక్షలు ఉంటాయి. కానీ మిషన్ అంకె ఒక్కదాన్నే నేను నమ్మను. కుక్కల ప్లేట్‌లెట్లు గుంపు కట్టే స్వభావం ఉన్నవి, గుంపు కడితే మిషన్ వాటిని లెక్కలోకి తీసుకోదు. మనుషుల ల్యాబులో చేయిస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. స్లైడ్ మీద రక్తం పూత వేసి, ముందు అంచుల్లో గుంపులు లేవని చూసుకుని, ఆయిల్ లెన్సు కింద లెక్కపెట్టాలి. ఒక ఫీల్డుకి సగటున ఒక ప్లేట్‌లెట్ కనిపిస్తే సుమారు 15,000 నుంచి 20,000 అని లెక్క. బాగున్న కుక్కలో పదికి తక్కువ ఉండవు. ఇక్కడ రెండు, ఒక్కోచోట ఒకటి. మిషన్ చెప్పింది నిజమే.

అదే స్లైడులో తెల్లకణాల లోపల ఎర్లికియా గుత్తుల కోసం వెతికాను, దొరకలేదు. దొరక్కపోతే జబ్బు లేదని కాదు, దొరికేది తక్కువ కేసుల్లోనే. ఎర్రకణాల్లో బబేసియా కూడా కనిపించలేదు. రాపిడ్ కిట్‌లో ఎర్లికియా యాంటీబాడీ (క్రిమిని ఎదిరించడానికి ఒళ్ళు తయారుచేసుకునేది) గీత స్పష్టంగా వచ్చింది. ఈ గీత ఒక్కటే పట్టుకుని మందు మొదలుపెట్టడం సరికాదు. ఎప్పుడో వచ్చి పోయిన జబ్బుకి కూడా నెలల తరబడి అది వస్తూనే ఉంటుంది. జ్వరం మొదలైన మొదటి రోజుల్లో జబ్బు ఉన్నా రాకపోవచ్చు. బాంబు విషయంలో గీత, ప్లేట్‌లెట్లు, జ్వరం, చుక్కలు, తేదీలు అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ మామూలు, లివర్ ఎంజైము కొంచెం ఎక్కువ, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొంచెం తక్కువ.

ప్లేట్‌లెట్లు అన్న మాట వినగానే ఇంట్లోవాళ్ళకి టెన్షన్ మొదలైంది. "డెంగీనా సార్?" ఆ మాటని మన ఇళ్ళకి పరిచయం చేసింది డెంగీయే కదా. ఇది డెంగీ కాదు, దోమతో రాదు, కుక్కని ముట్టుకుంటే పిల్లలకి అంటదు, పక్క కుక్కకి కూడా గోమారి ద్వారా తప్ప నేరుగా పోదు అని చెప్పాను. ఆ వెంటనే రెండో ప్రశ్న, నేను ఎదురుచూస్తున్నదే. "బొప్పాయి ఆకు రసం పొయ్యమంటారా?" వద్దన్నాను. అసలే తిండి మీద ధ్యాస లేని కుక్కకి ఆ చేదు రసం పోస్తే వాంతి చేసుకుంటుంది, దాంతోపాటు వేసిన మాత్ర కూడా పోతుంది. జబ్బు ప్లేట్‌లెట్లది కాదు, వాటిని నాశనం చేయిస్తున్న క్రిమిది. దాన్ని చంపితే అవే పెరుగుతాయి.

మందులు, ఒక రాత్రి

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి 300, రెండు పూటలకి పంచి, 28 రోజులు. కడుపులో మంటకి ఒక మందు, మొదటి రెండు రోజులు సెలైన్. జ్వరానికి వేరే మాత్ర ఇవ్వలేదు, ఇవ్వొద్దని కూడా గట్టిగా చెప్పాను. ఇంట్లో ఉండే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఇవేవీ కుక్కకి సొంతంగా వెయ్యకూడదు. ఆస్పిరిన్ లాంటివి ఉన్న కాసిని ప్లేట్‌లెట్లనీ పనిచెయ్యనివ్వవు.

మాత్ర ఎలా వెయ్యాలన్నది మాట్లాడటానికి మందు రాయడం కంటే ఎక్కువ సేపు పట్టింది. బాంబుకి రెండు పూటలా అన్నంలో పెరుగు ఉండాల్సిందే. పాలల్లో, పెరుగులో ఉండే కాల్షియం ఈ జాతి మందుల్ని పట్టేసుకుంటుంది. డాక్సీసైక్లిన్‌కి ఆ బాధ మిగతావాటంత లేదు గానీ, మాత్ర వేసే పూట గుడ్డుతోనో, ఉప్పూకారం లేని కోడి పులుసుతోనో అన్నం పెట్టి, పెరుగు రెండు గంటలు ఆగి పెట్టమన్నాను. ఇంకోటి, మాత్రని పొడిగా గొంతులోకి తోసి వదిలేస్తే అది ఆహారనాళానికి అతుక్కుని పుండు చేస్తుంది. మాత్ర తర్వాత ఒక ముద్ద, లేదా కాసిని నీళ్ళు తప్పనిసరి.

రెండో రోజు రాత్రి ఫోను వచ్చింది. ఎడమ ముక్కులోంచి రక్తం. చిన్నపిల్లలు ఏడుస్తున్నారు, ఎవరో దూది కుక్కుదామంటున్నారు. దూది వద్దన్నాను, తీసేటప్పుడు మళ్ళీ రేగుతుంది, పైగా కుక్క తుమ్మి ఇంకా ఎక్కువ చేసుకుంటుంది. గదిలో లైటు తీసేసి, ఒక్క మనిషి మాత్రం పక్కన కూర్చుని, గుడ్డలో చుట్టిన ఐసు ముక్కుదూలం మీద పెట్టమన్నాను. కుక్క కంగారుపడితే బీపీ పెరిగి రక్తం ఆగదు. ఇంట్లోవాళ్ళ కేకలే దానికి కంగారు. పావుగంటలో తగ్గింది. ఆగకపోయినా, చిగుళ్ళు ఇంకా తెల్లబడినా తెల్లారేదాకా ఆగొద్దని, రక్తం ఎక్కించాల్సి వస్తే తిరుపతి వెటర్నరీ కాలేజీకి పంపే మాట కూడా అప్పుడే చెప్పి ఉంచాను. పొద్దున పీసీవీ చూస్తే 28. ఆ స్థితికి రాలేదు.

ఆ పొద్దున ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చిన్న మోతాదులో, కొద్ది రోజులకే మొదలుపెట్టాను. ఎర్లికియాలో ఒంటి రక్షణ వ్యవస్థే పొరపడి సొంత ప్లేట్‌లెట్లని నాశనం చేస్తుంది, దాన్ని అణచడానికి. ఇది ఇవ్వాలా వద్దా అన్నదానిపై డాక్టర్లలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. రక్తం కారుతున్న కుక్కకి ఇవ్వడమే నా పద్ధతి, కారనివాటికి ఇవ్వను. చీటీ చూసి ఇంకొకరు తమ కుక్కకి వెయ్యడానికి మాత్రం ఇది పనికిరాదు.

మందు మొదలైన 48 గంటలకి జ్వరం 101.8. ఈ జబ్బు తొలి దశలో పట్టుకుంటే డాక్సీసైక్లిన్ ఇంత త్వరగా తేడా చూపిస్తుంది. చూపించకపోతే మన నిర్ణయాన్ని మళ్ళీ ఆలోచించుకోవాలి, ముఖ్యంగా బబేసియా గురించి. నాలుగో రోజు గిన్నె నాకి తోసేశాడు. ఐదో రోజు పాల ప్యాకెట్టు మళ్ళీ పోయిందని ఫోను. ఇల్లాలు తిడుతున్నట్టే మాట్లాడింది గానీ గొంతులో సంతోషం దాగలేదు. వారానికి ప్లేట్‌లెట్లు 1.1 లక్షలు, రెండు వారాలకి 2.2 లక్షలు.

అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. "దూకుతున్నాడు కద సార్, మాత్రలు ఆపేద్దామా?" వద్దు. ఎర్లికియాకి మధ్యలో ఒక దొంగ దశ ఉంది. కుక్క పైకి బాగానే ఉంటుంది, తింటుంది, ఆడుతుంది, క్రిమి మాత్రం లోపల నెలలు, ఒక్కోసారి ఏళ్ళు నక్కి ఉంటుంది. ఆ తర్వాత కొన్ని కుక్కల్లో రక్తకణాలు పుట్టే ఎముకల మూలుగే దెబ్బతిని ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతాయి. అక్కడిదాకా పోయిన కుక్కని వెనక్కి తేవడం చాలా కష్టం. ఈ జబ్బుని 1935లో అల్జీరియాలో మొదట గుర్తించారు, కానీ ప్రపంచం దాన్ని పట్టించుకున్నది వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలు ముక్కుల వెంట రక్తం కారి పెద్ద సంఖ్యలో చనిపోయాకే. వాటిలో ఎక్కువ జర్మన్ షెపర్డులు. ఆ జాతికి ఇది ఇప్పటికీ మిగతావాటికంటే గట్టిగానే తగులుతుంది. ఇంట్లో షెపర్డ్ ఉన్నవాళ్ళు రెండు రోజుల నిశ్శబ్దాన్ని కూడా ఉపేక్షించొద్దు.

నిశ్శబ్దం గురించి కొంచెం

జ్వరం వచ్చిన ఒళ్ళు శక్తిని పొదుపు చేసుకుంటుంది. మెదడే ఆటని, తిరుగుడుని, ఆకలిని తగ్గించేస్తుంది. కాబట్టి గోల తగ్గడం జబ్బు పనే, కానీ ఏ జబ్బో అది చెప్పదు. ఇదే ‘డల్‌గా ఉన్నాడు’ అన్న మాటతో వచ్చిన కుక్కల్లో నేను చూసినవి ఒకదానికొకటి పోలిక లేనివి. మామిడికాయల రోజుల్లో పేగులో ఇరుక్కున్న టెంక. ఎదకొచ్చి వెళ్ళిన నెలకి నీళ్ళు తెగ తాగుతూ మూలకి చేరిన ఆడకుక్క, దాని గర్భసంచి నిండా చీము. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం మేడ మీద కట్టేసిన పగ్. రాత్రి పొలంలో తిరిగొచ్చి పొద్దునకి కనురెప్పలు వాలిపోయిన కాపలా కుక్క, అది పాము కాటు, దానికి గంటలే ఉంటాయి. చెవిలో చీము, పంటి నొప్పి, వెన్ను నొప్పి కూడా ఇలాగే కనిపిస్తాయి. ముసలి కుక్క మెల్లగా నెమ్మదించడం వేరు. అది నెలల్లో జరుగుతుంది. నాలుగు రోజుల్లో జరిగితే వయసు కాదు.

ఇంట్లో చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పెదవి ఎత్తి చిగురు రంగు చూడటం, వేలితో అదిమి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. నిద్రలో నిమిషానికి ఊపిరి ముప్పై దాటకూడదు. పొట్ట కింద చుక్కలు, వేళ్ళ మధ్య, చెవుల్లో గోమార్లు. ఇవన్నీ కుక్క బాగున్నప్పుడు ఒకసారి చూసి ఉంచుకోవాలి, లేకపోతే జబ్బు రోజున ఏది తేడానో తెలియదు. పెద్ద కుక్క ఒక పూట మందకొడిగా ఉండి, నీళ్ళు తాగుతూ, చిగురు బాగుంటే ఒక రోజు ఆగి చూడొచ్చు. పిల్లకి ఆ రోజు కూడా ఇవ్వను. చిగురు తెల్లబడినా, పొట్ట ఉబ్బినా, నడక తూలినా, మూత్రం రాకపోయినా, ఎండలో ఉండి రొప్పు ఆగకపోయినా వెంటనే బయల్దేరాలి.

ఇల్లు

కుక్కకి మందు వేసి ఇంటిని వదిలేస్తే మళ్ళీ అదే జబ్బు, ఒకసారి వస్తే ఇంక రాదన్న రక్షణ ఎర్లికియాలో లేదు, టీకా కూడా లేదు. బాంబు వాళ్ళింట్లో అందరి అనుమానం పక్కింటి గేదెల మీద. గేదెల గోమారి వేరు, కుక్కల గోమారి వేరు. పశువులది ఒకే జంతువు మీద పిల్ల నుంచి పెద్దదాకా పెరుగుతుంది. కుక్కలది మాత్రం ఒక్కో దశలో రక్తం తాగి కింద రాలిపోయి, గోడ బీటల్లో, తలుపు చెక్కల వెనక దాక్కుని, పెరిగి మళ్ళీ కుక్కని ఎక్కుతుంది. రక్తం తాగిన ఆడది గోడ ఎక్కి బీటలో వేలల్లో గుడ్లు పెడుతుంది. అది ఇంట్లోనే బతకగలదు, అదే దాని బలం. నేను ఇల్లు చూడ్డానికి వెళ్ళలేదు, ఫోను లైటు వేసి బస్తాల గోడ చూడమన్నాను. గోడకీ, బస్తాల చెక్కలకీ మధ్య సందులో గోధుమ రంగు చిన్నవి పాకుతున్న వీడియో ఆ సాయంత్రమే వచ్చింది.

బస్తాలు జరిపి, బీటలకి సిమెంటు పూసి, గోడ కిందిభాగానికి మందు కొట్టించారు. కొట్టేటప్పుడు, ఆరేదాకా పిల్లల్నీ కుక్కనీ దూరంగా ఉంచారు. ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్ ఉన్న మందులు తేవొద్దు, పిల్లికి అది ప్రాణాంతకం. బాంబుకి తిండి పట్టాక ఫ్లూరాలానెర్ మాత్ర, గోమార్ల మీద దాని పని దాదాపు 12 వారాలు ఉంటుంది. నెలకొకటి వేసే అఫోక్సోలానెర్ లాంటివీ ఉన్నాయి. మూర్ఛలు వచ్చే కుక్కలకి ఈ జాతి మాత్రలు వేసేముందు ఆలోచించాలి. వాడికి ఆ చరిత్ర లేదు. షాంపూ మానక్కర్లేదు, కానీ దాని మీద భరోసా పెట్టుకోవద్దన్నాను.

28 రోజుల కోర్సు పూర్తయ్యాక ప్లేట్‌లెట్లు 2.9 లక్షలు, పీసీవీ 40, బరువు మళ్ళీ 32. కిట్ మళ్ళీ చేయమని యజమాని అడిగాడు. యాంటీబాడీ గీత ఇంకా ఉంటుంది, దాన్ని చూసి భయపడటం తప్ప ఉపయోగం లేదని చెప్పి చేయలేదు. నెలకొకసారి స్లైడ్ చూస్తే చాలు. అల్లూరు తోటలో ఉన్న కుక్కలకి కూడా చూపించమంటే, ఆ చుట్టం ముందు నవ్వాడంట, తర్వాత రెండింటిని తీసుకొచ్చాడు. ఒకదానికి ప్లేట్‌లెట్లు 70,000. అది పైకి బాగానే మొరుగుతోంది. దానికీ మందు నడుస్తోంది.